కారు షెడ్డు నుంచి వచ్చింది, ఎక్కడానికే కాళ్ళు రావడం లేదు

యాక్సిడెంట్ తర్వాత కారుకు ఒక దారి ఉంది. స్టేషన్ ముందు పెడతారు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు, ఇన్సూరెన్స్ సర్వేయర్ ఫొటోలు తీసుకుంటాడు, షెడ్డుకెళ్ళి బంపరూ బానెట్టూ మార్చుకుని, కొత్త ఎయిర్‌బ్యాగులు బిగించుకుని ఇంటికొస్తుంది. ఒంటికీ ఒక దారి ఉంది. ఎక్స్‌రే, సీటీ స్కాన్, ప్లేటు, రాడ్డు, ఫిజియోథెరపీ. ఆ పైది, మనసుకు తగిలిన దెబ్బ, ఎవరి ఖాతాలోనూ ఉండదు. "రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తుంటే ఫలానా గదికి రండి" అని డిశ్చార్జ్ సమ్మరీలో రాసిన ఆస్పత్రులు అరుదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో గాయపడ్డవాళ్ళు 4,43,366 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. పక్క సీట్లో కూర్చుని అంతా చూసి, ఒంటిమీద గీత కూడా పడకుండా దిగినవాళ్ళు ఈ లెక్కలోకి రారు. కానీ భయం దెబ్బ సైజును బట్టి పట్టుకోదు. కాలు విరిగినవాడు మూడు నెలలకు మామూలుగా బండి నడుపుకోవచ్చు, గీత పడనామె ఆటో ఎక్కాలన్నా చెమటలు పట్టి కూర్చోవచ్చు. "నీకేం కాలేదుగా, ఇంకా ఏంటి?" అన్న మాట ఆమెకు దెబ్బ మీద దెబ్బ.

ముందు మొదటి నెల గురించి. పొరపాట్లన్నీ ఎక్కువగా అక్కడే జరుగుతాయి. హారన్ వినబడగానే గుండె దడ, కళ్ళు మూస్తే అదే లారీ, అన్నం సహించకపోవడం, ఊరికే ఏడుపు, లేకపోతే ఏడుపే రాకుండా మొద్దుబారిపోవడం. రెండు మూడు వారాల పాటు ఇవన్నీ ఉండటం జబ్బు కాదు. దెబ్బ తగిలినచోట వాపు వచ్చినట్టే ఇదీ. ఎక్కువమందికి రోజులు గడిచేకొద్దీ అదే తగ్గుతుంది. మూడో రోజు నుంచి నెల లోపు బాగా తీవ్రంగా ఉంటే అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అనే పేరు వస్తుంది.

ఈ నెలలో చేయకూడని పని ఒకటుంది. మనిషిని కూర్చోబెట్టి జరిగిందంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పించడం. ఇంగ్లండులో రోడ్డు ప్రమాదాల్లో గాయపడి ఆస్పత్రిలో చేరినవాళ్ళలో కొందరి చేత వెంటనే ఒకసారి ఇలా చెప్పించి, మిగతావాళ్ళను వదిలేసి, మూడేళ్ళ తర్వాత మళ్ళీ చూశారు. మేయూ, ఏలర్స్, హాబ్స్ అనే ముగ్గురు 2000లో అచ్చువేసిన పరిశీలన అది. మొదట్లో బాగా కలతపడ్డవాళ్ళలో, ఎవరి చేత అలా చెప్పించారో వాళ్ళు కోలుకోలేక మిగిలిపోయారు. ఏమీ చేయకుండా వదిలేసినవాళ్ళు బాగయ్యారు. మరి మన ఇళ్ళలో? పలకరించడానికి వచ్చిన ప్రతి బంధువూ బత్తాయిల సంచి అటు పెట్టి, "అసలెలా జరిగింది, మొదట్నుంచి చెప్పు" అని మంచం పక్కన కుర్చీ లాక్కుంటాడు. రోజుకు నలుగురు వస్తే నాలుగుసార్లు అదే లారీ కింద పడ్డట్టు. చివర్లో "భూమ్మీద నూకలుండబట్టి బతికావు" అని వెళ్తారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఇంట్లో ఒకరు ఈ కాపలా పని నెత్తినేసుకోవాలి. వచ్చినవాళ్ళకు బయట గదిలోనే రెండు వాక్యాల్లో విషయం చెప్పేసి, "ఒదినా, లోపల దాని గురించి ఎత్తకండి, ఊళ్ళో కబుర్లు చెప్పండి చాలు" అనాలి. మనిషి తనంతట తాను చెప్పుకుంటే వినాలి, ఆపకూడదు. గుచ్చి గుచ్చి అడగడమే వద్దు.

ఆ నెలలో చేయాల్సినవి చిన్నవి. నొప్పి మాత్రలు వేళకు వేసుకోవాలి. నొప్పి ఉన్నంతసేపూ ప్రమాదం గుర్తుకొస్తూనే ఉంటుంది, గుర్తుకొచ్చినప్పుడల్లా కండరాలు బిగిసి నొప్పి పెరుగుతుంది, ఇది రెండు వైపులా తిరిగే చక్రం. రాత్రి నిద్ర కోసం మద్యం పుచ్చుకోకూడదు. నుజ్జునుజ్జయిన కారు ఫొటోలు, సీసీ కెమెరా క్లిప్పు ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతుంటాయి. వాటిని చెరిపేయకండి, క్లెయిముకు కావాలి. వేరేవాళ్ళ ఫోనులోకి మార్చి మనిషి ఫోనులోంచి తీసేయండి. డాక్టరు ఒప్పుకుంటే మొదటి వారాల్లోనే పక్క సీట్లో కూర్చుని చెకప్‌కు వెళ్ళి రావడం మంచిది. "పూర్తిగా తగ్గాక కారెక్కుదువులే" అని ఆపేస్తే భయం అక్కడే గట్టిపడుతుంది.

నెల ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. చచ్చిపోతే బాగుండని మాట్లాడటం, రోజుల తరబడి తిండీ నిద్రా లేకపోవడం, తాగుడు మొదలవడం లేదా పెరగడం, ఇదివరకు మానసిక సమస్యకు మందులు వాడినవాళ్ళు కావడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి. రాత్రి వేళ ఏమీ తోచకపోతే 14416కు చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ ఉచిత లైను, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగు ఎంచుకోవచ్చు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరాన్ని బట్టి పై స్థాయి నిపుణులకు కలుపుతారు. తలకు దెబ్బ తగిలినవాళ్ళ సంగతి మరో రకం. తలనొప్పి, తల తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, మతిమరుపు, చిరాకు, ఇవి మెదడుకు తగిలిన అదురు వల్ల కూడా వస్తాయి. వాంతులు, మగత, మాట తడబడటం ఉంటే అది కౌన్సెలింగ్ విషయమే కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.

నెల దాటింది. తగ్గుతోందా లేదా ఎలా తెలుస్తుంది? నాలుగు చోట్ల చూడాలి. ఒకటి, పిలవకుండా వచ్చే జ్ఞాపకం: కలలు, పగలే కళ్ళ ముందు తిరగడం, ఏదో వాసనకు ఒక్కసారిగా అక్కడికే వెళ్ళిపోయినట్టుండటం. రెండు, తప్పించుకోవడం: ఆ దారి మానేయడం, టీవీలో యాక్సిడెంట్ వార్త రాగానే లేచిపోవడం. మూడు, మనసు మారిపోవడం: తప్పంతా నాదేననీ ఎవర్నీ నమ్మలేననీ అనిపించడం, పిల్లలు నవ్వినా నవ్వు రాకపోవడం. నాలుగు, ఒళ్ళు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టుండటం: ఉలికిపాటు, కోపం, నిద్ర పట్టకపోవడం. ఈ నాలుగింటి మీదే పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పత్రం ఉంది. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 80. 31-33 దగ్గరో ఆ పైనో వస్తే పీటీఎస్‌డీ ఉందేమో నిపుణులు చూడాలి. ఆ పత్రం రోగ నిర్ధారణ చేయదు, తలుపు తట్టమని మాత్రం చెబుతుంది. ప్రతి రెండు వారాలకూ నింపితే చికిత్స పనిచేస్తోందో లేదో అంకెల్లో కనబడుతుంది, దాని అసలు ఉపయోగం అదే.

మనవాళ్ళు మాత్రం ముందు గుండె డాక్టరు దగ్గరికే పోతారు. దడ, ఊపిరాడకపోవడం, ఛాతీ బరువు. ఈసీజీ, టూడీ ఎకో, అన్నీ నార్మల్. తర్వాత "నరాల వీక్‌నెస్" అని విటమిన్ ఇంజెక్షన్లు. మధ్యలో దిష్టి తీయడం, తాయెత్తు. తాయెత్తు కట్టుకుంటే నష్టమేం లేదు, కట్టుకోండి. దాంతో రెండు నెలలు గడిపేయడమే నష్టం. ఈసీజీ ఒకసారి తీయించుకోవడమూ మంచిదే, సీటు బెల్టు ఛాతీని నొక్కిన కేసుల్లో మరీనూ. మూడోసారి, నాలుగోసారి తీయించుకుంటున్నారంటే మాత్రం దారి తప్పారన్నమాట.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ మీద ఎండీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, థెరపీ చేస్తారు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై నంబరు ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటం వద్దు. "కౌన్సెలర్" అనే బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు, వారాంతపు కోర్సు చేసినవాళ్ళతో సహా. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఈ రెండు పేర్లనూ మనం తిట్లలా వాడేసి, అవసరమైన రోజున గేటు దాటలేకుండా చేసుకున్నాం. అంత దూరం వద్దనుకుంటే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. అక్కడి రద్దీలో డాక్టరుకు మీతో గడిపేందుకు కొద్ది నిమిషాలే దొరుకుతాయి. మందు అందుతుంది, వారం వారం గంట థెరపీ దొరకడం కష్టం. అందుకే చాలామంది మందు అక్కడా, థెరపీ ప్రైవేటులోనూ చూసుకుంటారు.

అపాయింట్‌మెంటుకు ముందే ఫోనులో మూడు ప్రశ్నలు అడగండి. రోడ్డు ప్రమాదం తర్వాత వచ్చిన భయానికి మీరు ఏ పద్ధతి వాడతారు? సుమారు ఎన్ని సెషన్లు? ఇంటికి హోంవర్కు ఇస్తారా? ట్రామా, అంటే మనసుకు తగిలిన దెబ్బ మీద పెట్టే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ సరిదిద్దే థెరపీ), ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, ఈఎండీఆర్, ఈ పేర్లలో ఒకటి చెప్పి, 8 నుంచి 12, మహా అయితే 15 అని, హోంవర్కు తప్పదని అంటే సరైన చోటే. "మీరు రండి, మాట్లాడుకుందాం, అన్నీ పాజిటివ్‌గా ఆలోచిద్దాం" అంటే ఇంకొకర్ని వెతుక్కోండి. ధైర్యం చెప్పడం కౌన్సెలింగ్ కాదు. ధైర్యం మేనమామ కూడా చెప్పగలడు, పైసా తీసుకోకుండా.

మరి థెరపీలో ఏం జరుగుతుంది? దీన్ని కాస్త దగ్గరగా చూపించాలి, తెలియకనే సగం మంది వెళ్ళరు.

ప్రమాదం జరిగిన క్షణంలో మెదడు సంఘటనను మామూలు జ్ఞాపకంలా వరసలో సర్ది పెట్టుకోదు. ముక్కలుగా పడేస్తుంది. ఒక వెలుగు, ఒక చప్పుడు, ఒక వాసన. ఎయిర్‌బ్యాగు పేలినప్పుడు వచ్చే పొగ వాసన టపాసుల మందు వాసనకు దగ్గరగా ఉంటుంది. అందుకే వానాకాలంలో యాక్సిడెంట్ అయి, అంతా బాగుందనుకున్న మనిషి దీపావళి రాత్రి గదిలో దూరి తలుపేసుకుంటాడు, ఎందుకో ఆయనకే తెలియదు. ముక్కకు తేదీ ఉండదు. అది వచ్చినప్పుడు "అప్పుడు జరిగింది" అనిపించదు, "ఇప్పుడు జరుగుతోంది" అనిపిస్తుంది. థెరపీ చేసేది ఆ ముక్కలకు తేదీ వేయడం.

మొదటి ఒకటి రెండు సెషన్లు వివరాలు తీసుకోవడం, ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పడం, ఊపిరి నిదానంగా వదిలే అభ్యాసం నేర్పడం. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, జరుగుతున్నట్టుగానే వర్తమాన కాలంలో చెప్పమంటారు. "నేను చిట్యాల దాటాను, ఎదురుగా లైట్లు..." అని. మొదటి నెలలో వద్దన్న పనే ఇప్పుడు ఎందుకు? తేడా ఉంది. అప్పుడది ఒక్కసారి గెలికి వదిలేయడం. ఇప్పుడు నిపుణుడు పక్కనుండి, పదే పదే, అదే సెషన్‌లో మనసు నెమ్మదించే దాకా చేయిస్తాడు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో సెషన్ 90 నిమిషాలు, అందులో అరగంట నుంచి ముప్పావు గంట ఇలా చెప్పడమే. ఫోనులో రికార్డు చేసి రోజూ ఇంటి దగ్గర వినమంటారు.

చెప్పేటప్పుడు గొంతు ఆగిపోయే చోటొకటి వస్తుంది. అసలు పని అక్కడుంది. అనుకుందాం, ఒకామె ఆగిన చోటు: కారు పల్టీ కొట్టి ఆగాక వెనక సీట్లోంచి పిల్లవాడి శబ్దం లేదు. ఆ క్షణంలో ఆమె తలలో ఉన్న వాక్యం "వాడు పోయాడు". ఆ తర్వాత అరనిమిషానికి పిల్లవాడు ఏడ్చాడు, ఇప్పుడు మూడో తరగతి చదువుతున్నాడు. అది ఆమెకు తెలుసు. కానీ ఆ ముక్కకు తెలియదు, అది ఇంకా నిశ్శబ్దంలోనే ఉంది. థెరపిస్టు ఆమెను ఆ క్షణం దగ్గరే నిలిపి, కళ్ళు మూసుకునే ఉండగా, "ఇప్పుడు నీకు తెలిసిందేమిటి?" అని అడిగి, "వాడు బతికే ఉన్నాడు, భయంతో నోరు పెగల్లేదంతే" అన్న వాక్యాన్ని అక్కడే, ఆ నిశ్శబ్దంలోనే పెట్టిస్తాడు. బిడ్డ ఫొటో చేతిలో పెట్టొచ్చు, సెషన్ రోజు ఉదయం వాడు పంపిన వాయిస్ మెసేజ్ వినిపించొచ్చు. బయటి నుంచి చూస్తే ఇది చాలా చిన్న పని. కలలు తగ్గేది ఇక్కడే.

ఈఎండీఆర్‌లో ఇంత వివరంగా చెప్పక్కర్లేదు. జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని థెరపిస్టు వేళ్ళ కదలికను కళ్ళతో అనుసరించాలి, లేదా చేతుల మీద తట్టుతారు. నలుగురిలో నోరు విప్పలేనివాళ్ళకు ఇది తేలిక.

మూడు నాలుగు సెషన్ల దగ్గర కలలు పెరగొచ్చు, చిరాకు పెరగొచ్చు. గాయం కడిగినప్పటి మంటలాంటిదది. ఎక్కువమంది మానేసేది సరిగ్గా ఇక్కడే: "వెళ్ళినప్పటి నుంచి ఇంకా ఎక్కువైంది" అని. ఇది ముందే చెప్పని థెరపిస్టుది తప్పు. ఆ వారం సెషన్ మానకండి, పెరిగిన సంగతి చెప్పండి, వేగం తగ్గిస్తారు.

ఇక కారు. గదిలో ఎంత మాట్లాడినా కారు ఎక్కకుండా కారు భయం పోదు. దీనికి మెట్లు కడతారు. భయానికి 0 నుంచి 100 మార్కులు వేసుకోమంటారు, 20 దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పైకి. ఒక మామూలు నిచ్చెన ఇలా ఉంటుంది. ఇంటి ముందు ఆపిన కారులో, తలుపులు తెరిచి, ఇంజన్ ఆపి పక్క సీట్లో 20 నిమిషాలు. తర్వాత తలుపులు మూసి, బెల్టు పెట్టుకుని. ఛాతీ మీద బెల్టు ఒత్తిడి చాలామందికి కారు కన్నా ఎక్కువ భయం, దాన్ని విడిగా ఒక మెట్టుగా పెట్టుకోండి. ఇంజన్ ఆన్ చేసి. కాలనీలో రెండు చుట్లు, గంటకు 20 కిలోమీటర్లలో. ఆదివారం పొద్దున్నే ఆరింటికి మెయిన్ రోడ్డు. మామూలు రోజు సాయంత్రం అదే రోడ్డు. వర్షంలో. రాత్రి, ఎదురు హెడ్‌లైట్లలో. పక్కనుంచి లారీలు దాటే హైవే. ఔటర్ రింగు రోడ్డు లాంటివి ఆఖర్న, అక్కడ మధ్యలో ఆపి దిగడానికి వీలుండదు.

ఒక్కో మెట్టు దగ్గర భయం పెరుగుతుంది, ఒక ఎత్తుకు వెళ్ళి నిలుస్తుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. సగానికి దిగేదాకా ఉండాలి. 80 దగ్గర తలుపు తీసుకుని దిగిపోతే ఒళ్ళు నేర్చుకునేది ఒకటే: "దిగబట్టి బతికాను." వారానికొకసారి చేస్తే సరిపోదు, వారంలో నాలుగైదు రోజులు చేయాలి. అదే మెట్టు విసుగొచ్చేదాకా చేసి పైకెళ్ళాలి. విసుగు రావడమే గుర్తు.

నిచ్చెన సరిగ్గా కట్టినా ఫలితం రాకపోతే చూడాల్సినవి ఒంటి దొంగవేషాలు. పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకును కాలితో తొక్కడం, పైన హ్యాండిల్ పట్టుకుని వేళ్ళు తెల్లబడేదాకా వేలాడటం, కళ్ళు మూసుకోవడం, దారి పొడుగునా స్తోత్రం గబగబా చదవడం, "మెల్లగా, మెల్లగా" అని ప్రతి పది సెకన్లకూ అనడం. ఇవి ఉన్నంతకాలం "వీటి వల్లే బతికాను" అనే లెక్క లోపల నడుస్తూ ఉంటుంది. ఒక్కొక్కటే వదిలించాలి. స్తోత్రం ఎక్కే ముందు చదువుకుని తర్వాత మానండి, హ్యాండిల్ వదిలి చేతులు ఒళ్ళో పెట్టుకోండి. బయలుదేరే ముందు అల్ప్రజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) వేసుకోవడం కూడా ఈ కోవలోదే. ఆ రోజు ప్రయాణం హాయిగా సాగుతుంది, నేర్చుకోవడం మాత్రం సున్నా. మళ్ళీ మాత్ర లేకుండా గేటు దాటలేరు.

నడిపేవాళ్ళ వైపు నుంచీ ఒక మాట. "భయం వదిలించేస్తా" అని మొదటి రోజే హైవే ఎక్కించి వంద కొట్టే బావలున్నారు. దయచేసి వద్దు. వేగమూ దూరమూ ముందే ఒప్పుకోవాలి, ఒప్పుకున్నది దాటకూడదు. స్వయంగా మళ్ళీ స్టీరింగ్ పట్టాల్సినవాళ్ళకు డ్రైవింగ్ స్కూలు కారు మంచి మెట్టు. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ కాళ్ళ దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. లైసెన్సు ఉన్నా సిగ్గుపడక ఐదారు క్లాసులు తీసుకోండి. నిద్ర తెప్పించే మందులు వాడుతున్నంత కాలం, తల తిరుగుడు ఉన్నంత కాలం, ఎముకల డాక్టరు కాలికి బరువు పెట్టొచ్చని చెప్పేదాకా మాత్రం స్టీరింగ్ జోలికి పోకూడదు.

మందుల గురించి కొద్దిగా. థెరపీ దొరకనప్పుడు, లేదా దిగులు బాగా ఎక్కువై థెరపీకి కూర్చోలేనప్పుడు సెర్ట్రలిన్, పారాక్సిటిన్ లాంటివి రాస్తారు. పనిచేయడానికి నాలుగైదు వారాలు పడుతుంది, మొదటి వారంలో కడుపులో వికారం, కాస్త ఆందోళన ఉండొచ్చు, బాగుందనిపించగానే సొంతంగా ఆపేస్తే తల తిమ్మిరెక్కి ఇబ్బంది పెడతాయి. అల్ప్రజోలం, క్లోనజిపామ్ రకాలు పీటీఎస్‌డీని తగ్గించవు, అలవాటవుతాయి. నెలల తరబడి అవే చీటీలో ఉంటే ఎందుకని అడగండి.

నడిపింది మీరే అయినప్పుడు భయం కన్నా తప్పు చేశానన్న బాధ బరువు. "నీ తప్పేం లేదు" అని అందరూ అంటారు, అది లోపలికి దిగదు. థెరపీలో వాడే పద్ధతి వేరు. ఒక కాగితం మీద గుండ్రం గీసి, ఆ ప్రమాదానికి కారణాలన్నీ రాయిస్తారు. రోడ్డు అంచున రిఫ్లెక్టరు లేకుండా ఆపిన లారీ. వెలగని వీధి లైట్లు. రాంగ్ సైడులో వచ్చిన బైకు. యూటర్న్ మరీ దూరంగా ఉండటం. వాన. అరిగిన టైర్లు. ఒక్కోదానికీ ఎంత వాటా అని వందలోంచి ఇస్తూ పోవాలి. మీ పేరు అందరికంటే చివర రాయాలి, ముందు రాస్తే తొంభై మీరే తీసేసుకుంటారు. చివరికి మిగిలేది పది కావచ్చు, నలభై కావచ్చు. సున్నా చేయడం దీని ఉద్దేశం కాదు. కునుకు పట్టినా ఆపకుండా నడిపి ఉంటే ఆ వాటా నిజమే, దాన్ని నిజంగానే మోయాలి. కానీ నలభైని మోయడం వేరు, వందను మోయడం వేరు. కేసు నడుస్తుంటే సెషన్‌లో చెప్పినదాని గోప్యత ఎంతవరకో థెరపిస్టునూ లాయరునూ ముందే అడిగి తెలుసుకోండి.

ప్రమాదంలో ఇంట్లోవాళ్ళు పోతే మన దగ్గర ఒక అలవాటుంది. ఐసీయూలో ఉన్న మనిషికి చెప్పరు. "పక్క వార్డులో ఉంది, బాగానే ఉంది" అంటారు. అంత్యక్రియలు అయిపోతాయి, పెద్దకర్మా అయిపోతుంది, డిశ్చార్జై ఇంటికొచ్చాక గోడ మీద దండ వేసిన ఫొటో చెబుతుంది. ఉద్దేశం మంచిదే, ఫలితం ఘోరం. పోయిన దుఃఖానికి తోడు "అందరూ కలిసి మోసం చేశారు" అన్నది చేరుతుంది, చివరిచూపు లేని లోటు ఏళ్ళ తరబడి మానదు. తెలివిలో ఉండి మాట అర్థం చేసుకోగలిగిన మనిషికి చెప్పాల్సిందే. చూస్తున్న డాక్టరుతో మాట్లాడి, వీలైతే ఆస్పత్రి కౌన్సెలర్‌ను పక్కన పెట్టుకుని, అత్యంత దగ్గరివాళ్ళు చెప్పాలి. వాట్సాప్ చెప్పేలోపు. "మనకిక లేదు", "దేవుడి దగ్గరికి" లాంటి మాటలు మందుల మత్తులో ఉన్నవాళ్ళకు అర్థం కావు. "చనిపోయింది" అనే మాటే వాడాలి. ఆ తర్వాత నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి. అంత్యక్రియలకు తీసుకెళ్ళడం కుదరకపోతే పోయినామె చీర ఒకటి చేతికివ్వడం, కర్మల్లో ఒక భాగం తర్వాత ఆ మనిషి చేత చేయించేలా పురోహితుడితో మాట్లాడుకోవడం కుదిరే పనులే.

పిల్లలు చెప్పరు, ఆడతారు. బొమ్మ కార్లను గోడకేసి పదే పదే కొట్టడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, అమ్మను వదలకపోవడం. కొన్ని వారాలు ఉంటే కంగారు వద్దు, నెల దాటితే పిల్లలతో పనిచేసే సైకాలజిస్టుకు చూపించండి. ఒక్కటి మాత్రం అడగాలి: "అది ఎందుకు జరిగిందనుకుంటున్నావు?" కారులో తను చాక్లెట్ కోసం మారాం చేయడం వల్లే నాన్న గుద్దాడని నమ్మే పిల్లలున్నారు.

కాగితాల సంగతి. హైదరాబాదులో ప్రైవేటు సెషన్ వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా ఉండటం మామూలు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 21(4) సెక్షన్ ప్రకారం ఆరోగ్య బీమా శారీరక జబ్బుకు ఎలాగో మానసిక జబ్బుకూ అలాగే ఇవ్వాలి. అది చూసి సెషన్ బిల్లులు పెడితే డబ్బు ఇవ్వకుండా తిప్పి పంపుతారు, ఎందుకంటే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే ఇస్తాయి. ఓపీడీ కవరు విడిగా ఉంటేనే కౌన్సెలింగ్ డబ్బు వస్తుంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దారి దీనికి వేరు. రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో గాయపడ్డవాళ్ళకిచ్చే పరిహారపు పద్దులు చెబుతూ నొప్పి, బాధలతో పాటు ట్రామానూ, ముందు ముందు అయ్యే వైద్య ఖర్చునూ చేర్చింది. కానీ రుజువు కావాలి. "మానసికంగా చాలా బాధపడ్డాను" అన్న వాక్యానికి విలువ తక్కువ. తేదీలతో ఓపీ చీటీలు, మందుల బిల్లులు, సెషన్ రసీదులు, పీసీఎల్-5 మార్కులున్న సైకియాట్రిస్టు సర్టిఫికెట్ ఉండాలి. నగదు ఇచ్చినా రసీదు తీసుకోండి. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 166(3) క్లెయిముకు ఆరు నెలల గడువు పెట్టింది. భయం వల్లే స్టేషన్‌కూ లాయరు దగ్గరికీ వెళ్ళలేక ఆ ఆరు నెలలూ దాటబెట్టేవాళ్ళుంటారు, ఆ పరుగు ఇంట్లో వేరొకరు తీసుకోవాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ సెంటర్ విద్యార్థులకు కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తుంది. టెక్సాస్‌లో కారు పాలసీతో పాటు పీఐపీ అనే, మీ వైద్య ఖర్చులిచ్చే కవరు కనీసం 2,500 డాలర్లకు ఇవ్వజూపాలి, మీరు రాతపూర్వకంగా వద్దంటేనే తీసేస్తారు. తక్కువ ప్రీమియం కోసం సంతకం పెట్టేశారేమో చూసుకోండి. ఇంగ్లండులో ఉన్నవాళ్ళు ఎన్‌హెచ్ఎస్ టాకింగ్ థెరపీస్‌కు జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, ఉత్తరం లేకుండా నేరుగా పేరు ఇచ్చుకోవచ్చు. భాష ఇబ్బందయితే ఇక్కడి తెలుగు థెరపిస్టుతో వీడియోలో చేసుకునేవాళ్ళున్నారు. జ్ఞాపకం చెప్పే పనికి తల్లిభాషే మేలు, కారు మెట్లకు మాత్రం పక్కన మనిషి కావాలి.

నిచ్చెనలో ఆఖరి మెట్టు ఒకటి మిగిలింది. ప్రమాదం జరిగిన చోటు. అన్ని మెట్లూ ఎక్కాకే దాన్ని పెట్టుకోండి, ప్రమాదానికి ఏడాది తిరిగే రోజుకు ముందే అయితే మంచిది, ఆ తేదీ దగ్గరికొచ్చేకొద్దీ కలలు మళ్ళీ కాస్త పెరుగుతాయి. పగటి పూట, పక్క సీట్లో. మొదటిసారి ఆపకుండా దాటి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ దాటండి. రెండో రోజు ఆ చోటు దాటాక ఒకటి రెండు కిలోమీటర్లలో టీ కొట్టు దగ్గర ఆపండి. హైవే అంచున మాత్రం ఆపొద్దు, అది నిజంగానే ప్రమాదం. చాలామంది ఆ చోట గుంట, నూనె మరక, పగిలిన అద్దాలు ఉంటాయనుకుని గుండె చిక్కబట్టుకుని చూస్తారు. డివైడర్‌కు కొత్త పెయింటు వేసి ఉంటుంది, గన్నేరు మొక్కలు ఉంటాయి. అక్కడే జరిగిందని గుర్తుపట్టడానికి కిలోమీటరు రాయి చూసుకోవాల్సి వస్తుంది.